తమ్ముడు పంపిన చేప తల

"చేప అన్నాక వండుకు తినాలి. అలా ఆకు కప్పి కూర్చుంటే అది లేచి మళ్ళీ సముద్రంలోకి పోతుందా?" అని కెలెమెనే మళ్ళీ మొదలుపెట్టాడు.

పొద్దెక్కినప్పటి నుంచీ ఇదే రభస. వంటపాకలో అతను కొబ్బరిపీచు అంటిస్తే తెలేహియా వచ్చి ఆర్పేసింది. అతను బేసిన్ తెచ్చి పొయ్యి పక్కన పెడితే, ఆమె దాన్ని తీసుకుపోయి ఇంటి గట్టు మీద నీడన పెట్టి, ఈగలు వాలకుండా సీమపనస ఆకు కప్పింది. బేసిన్‌లో పెద్ద ట్యూనా తల ఉంది. ఎక్కడా కత్తి గాటు లేదు. కన్ను ఇంకా నిగనిగలాడుతోంది.

వండకపోతే పోనీ, ఫ్రీజర్‌లో పడెయ్యమన్నాడు కెలెమెనే. తమ్ముడు పంపిన తలని ఐసులో పెట్టిన అక్కని ఈ ఊళ్ళో ఇంతవరకూ ఎవరూ చూడలేదని భార్య అంది. అయితే వండమన్నాడు. వండనంది. అయితే వెనక్కి పంపెయ్యమన్నాడు. అంతకంటే వెళ్ళి వాడి చెంప మీద కొట్టి రావడం నయమంది.

"వండవు, దాచవు, పంపవు. దండ వేసి గోడకి తగిలిద్దామా మరి?"

కోరుపీట మీద కూర్చుని కొబ్బరి కోరుతున్న కోడలు మెలే నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. ఎనిమిదో నెల కడుపు ఆ నవ్వుకి కదిలింది. కోరిన కొబ్బరికి పాలు తియ్యనా వద్దా అని అత్తగారిని అడిగింది. తియ్యమంది తెలేహియా, ఆకుకూరలోకి. మామగారి మొహం చూసి మెలే ఇంకేమీ అడగలేదు.

మామూలు రోజు, మామూలు తల అయితే ఈ గొడవే లేదు. తమ్ముడి పేరు పెలెనాతో. అతని పడవ ఒడ్డుకి వచ్చిందంటే చేపలన్నీ ముందు తెలేహియా ఇంటి గట్టు మీదికే వస్తాయి. చుట్టాలలో ఏ ఇంటికి ఎంతో ఆమె పంచుతుంది. వాళ్ళమ్మ పోయాక ఇల్లూ, ఆ పనీ పెద్దకూతురిగా ఆమెకి వచ్చాయి. అలాంటి ఆడమనిషిని, సముద్రం మధ్యనున్న ఆ చిన్న దీవుల్లో, ఇంటి తెల్లరాయి అంటారు. ఇంటి కింద పరిచే రాళ్ళలో మొదట పరిచేది అదే. మగవాళ్ళు పట్టుకొస్తారు, తెల్లరాయి పంచుతుంది. పట్టినవాడు నాకింత కావాలని అడగడు. అడిగితే నలుగురూ నవ్వుతారు.

కాని తలని కొయ్యకుండా, పంచమని కాక నీకేనని పంపితే ఆ ఇంట్లో దానికి వేరే అర్థం ఉంది. వాళ్ళ నాన్న పడవ చుక్కాని వదిలేసిన ఏడు తన అక్కకి అలాగే పంపాడు. చిన్నాన్న పెద్దల సభలోంచి తప్పుకున్నప్పుడూ అంతే. ఎందుకని ఎవరూ అడగలేదు. మేనత్త తల వండింది, అందరూ తిన్నారు, విషయం అయిపోయింది. వండితే ఒప్పుకున్నట్టు.

పెలెనాతో ఇప్పుడు దేన్ని వదిలేస్తున్నాడో తెలేహియాకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఊరి ఆఫీసు వరండాలో నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాసిన మూడు పేర్లున్నాయి. వచ్చే గురువారం ఓట్లు. మూడు దీవులకీ కలిపి ఉన్న శాసనసభ ఫోనో. దానికి ఊరి తరఫున నాయకుడిగా వెళ్ళే ఫాయిపులేని ఎన్నుకోవాలి. పెలెనాతో తొమ్మిదేళ్ళుగా ఫాయిపులే. కొత్త సంవత్సరం ప్రార్థన అయ్యాక మోకాళ్ళు రాసుకుంటూ, ఇంక ఓడ నిచ్చెన ఎక్కడం నా వల్ల కాదన్నాడు. ఆ మాట పట్టుకుని, చాపలల్లే ఆడవాళ్ళ సంఘం తెలేహియా పేరు రాయించింది. అదే మధ్యాహ్నం పడవల షెడ్డులో మగవాళ్ళు కూడబలుక్కుని, ఆయన ఊరికే అన్నాడులే అని పెలెనాతో పేరు రాయించారు. అప్పుడతను చేపల వేటలో ఉన్నాడు. ఆమె దుంపల తోటలో ఉంది. ఇద్దరూ ఇళ్ళకి వచ్చేసరికి అక్కాతమ్ముళ్ళ పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. మూడోది ఫాలానికో పేరు. ఏళ్ళ తరబడి ఆక్లండ్‌లో ఉండి వచ్చి ఊళ్ళో కొట్టు పెట్టుకున్నాడు.

పేరు తీసేసుకోవాలంటే ఎవరిది వాళ్ళే వచ్చి తడిగుడ్డతో తుడుచుకోవాలి. శనివారం సాయంత్రం ప్రార్థనకి తొలి గంట కొట్టేదాకా గడువు. తుడిచిన పేరు మళ్ళీ రాయరు. ఇవాళే శనివారం.

పేర్లు పడ్డప్పటి నుంచి ఎదురుపడకుండా తెలేహియా దీవి లోపలి మడుగు వైపు దారిన నడుస్తోంది, పెలెనాతో బయటి సముద్రం వైపు దారిన. అతనికి మీసాలు వచ్చాక వాళ్ళిద్దరూ ఒక చాప మీద కూర్చోలేదు, పరాచికాలాడుకోలేదు, మూడో మనిషి లేకుండా ఒక గదిలో ఉండలేదు. ఆ ఊళ్ళో అక్కాతమ్ముళ్ళు అలాగే ఉంటారు. అక్క నోరు తెరిచి అడిగినదాన్ని తమ్ముడు కాదనడు. కాదనడని తెలుసు గనక అక్క అడగదు. యాభై దాటిన తెలేహియా ఇంతవరకూ అతన్ని ఏమీ అడగలేదు. ఈసారి నువ్వు నిలబడుతున్నావా అని అడిగినా, తప్పుకోమన్నట్టే.

అందుకని ఆమె తనలో తాను ఒకటి తేల్చుకుంది. సాయంత్రం వెళ్ళి తన పేరు తుడిచేసి వస్తుంది. ఆడవాళ్ళు తిట్టుకుంటారు, తిట్టుకోనీ. అది తేలాక నిద్ర కూడా పట్టింది. తీరా తెల్లవారాక మేనకోడలు లీతా ఈ తల పట్టుకొచ్చింది.

లీతా బేసిన్ గట్టు మీద పెట్టి, నాన్న నీకిమ్మన్నాడు అత్తా, కొయ్యొద్దన్నాడు అని చెప్పింది. ఎదురుగా ఉన్న మెలే వైపు చూడకుండా వెళ్ళిపోయింది. కడుపుతో ఉన్నవాళ్ళ వైపు లీతా చూడదు. ఎవరూ తప్పుపట్టరు.

తొలికాన్పు ఆ దీవిలో చెయ్యరు. ముందే ఓడెక్కి, పెద్ద ఆస్పత్రి ఉన్న ఆపియా పట్నం వెళ్ళి, చుట్టాల ఇంట్లో ఉండి కనాలి. పోయిన ఏడు లీతా వెళ్ళాల్సిన ఓడ ఆలస్యమైంది. సముద్రం మధ్యలో నొప్పులొచ్చాయి. ఆపియాలో పని ఉండి పెలెనాతో కూడా అదే ఓడలో ఉన్నాడు. పాప తెల్లారేదాకా బతికి కన్నుమూసింది. తర్వాత జరిగిన ఫోనోలో డాక్టరు సంగతీ, పురిటిగది సంగతీ చర్చకి వచ్చాయి. పెలెనాతో నోరు విప్పలేదు. డబ్బు ఓడల జెట్టీ కట్టడానికి వెళ్ళింది.

మనవరాలు చేతుల్లో పోయినవాడే మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారని ఆడవాళ్ళు చాపలల్లుతూ అన్నారు. ఎందుకు మాట్లాడలేదో తెలేహియాకి తెలుసు. సొంత ఇంటి దుఃఖం సభలో పెట్టి అడిగితే, పట్టినవాడే నాకింత కావాలన్నట్టు ఉంటుందని అతను అనుకున్నాడు. వాళ్ళ నాన్న అయినా అలాగే నోరు మూసుకుని కూర్చునేవాడు.

మెలే మంగళవారం ఓడెక్కాలి.

ఎండ పడమటికి వాలాక పెలెనాతో భార్య ఫిలోమెనా వచ్చింది. దారిలో ఎవరైనా అడిగితే ఉప్పు కోసమని చెప్పడానికి చేతిలో ఖాళీ డబ్బా పట్టుకుంది. గట్టు మీది బేసిన్ చూసి, ఆకు ఎత్తి చూసింది.

"ఇంకా వండలేదా వదినా?"

"నువ్వైనా చెప్పమ్మా మీ వదినకి," అన్నాడు కెలెమెనే.

"చెప్పను. మంచి పని చేసింది." ఫిలోమెనా గట్టు మీద కూలబడింది. "మీ వంటపాక పొగ కోసం ఆయన పొద్దున్నుంచీ వాకిట్లో కూర్చుని ఇటే చూస్తున్నాడు. పొగ లేస్తే లేచి పేరు తుడుచుకోవడానికి వెళ్దామని."

తెలేహియా వంటపాక వైపు చూసింది. ఆర్పిన పీచులోంచి సన్నటి పొగ ఒకటి ఇంకా పైకి పోతోంది. లేచి వెళ్ళి, చెంబుడు నీళ్ళు గుమ్మరించి వచ్చింది.

ఫిలోమెనా చెప్పుకొచ్చింది. నిన్నటిదాకా మొగుడు ఏమీ తేల్చుకోలేదట. ఇవాళ తెల్లవారుజామున షెడ్డులో ఎవరో అన్నారట, అక్కే వచ్చి పేరు తుడుచుకోబోతోందని. అది విన్న దగ్గర్నుంచీ మనసు నిలవడం లేదు. ఇంటి తెల్లరాయి ఊరందరి ముందు తడిగుడ్డ పట్టుకుని తన కోసం పేరు తుడుచుకుంటే ఇంక తలెత్తుకు తిరగలేనంటాడు. ఆవిడ కంటే ముందే వెళ్ళాలంటాడు. పొగ లేచినా లేవకపోయినా ఒక కునుకు తీసి వెళ్ళిపోతాడు. తొమ్మిదేళ్ళు ఆయన పెట్టె సర్దాను, ఇంక సర్దక్కర్లేదని సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదంది.

తెలేహియా మొగుడి వైపు చూసింది. కెలెమెనే కోడిని అదిలించడానికి లేచాడు. అక్కడ కోడి లేదు.

"షెడ్డులో చెప్పింది నువ్వేనా?"

"నువ్వు నాకేం చెప్పలేదుగా, నేనేం చెప్తాను?"

"మరి?"

"రాత్రి గురక పెట్టావు," అన్నాడు కెలెమెనే. "పేర్లు పడ్డ కాణ్ణించీ దొర్లుతున్న మనిషివి గురక పెట్టావంటే తేల్చుకున్నట్టేగా. నువ్వు ఎటు తేల్చుకుంటావో నాకు తెలీదా? బావమరిది మనసు కుదుటపడుతుందని ఒక మాటన్నాను."

బాగానే కుదుటపడిందని ఫిలోమెనా అంది.

మెలే కొబ్బరి చిప్ప కింద పెట్టి, వేళ్ళు మడుస్తూ నెమ్మదిగా అంది. "అత్తయ్య తుడుస్తుందని ఆయన ముందే వెళ్ళి తుడుస్తాడు. ఆయన తుడవకూడదని అత్తయ్య వెళ్ళి తుడుస్తుంది. అప్పుడు బోర్డు మీద మిగిలేది ఫాలానికో ఒక్కడే కదా."

పక్క దీవిలో ఒకసారి అలాగే జరిగింది. ఊరి పెద్ద పదవికి నిలబడ్డ ఇద్దరు అన్నదమ్ముల పిల్లలు, ఒకరి కోసం ఒకరు ఒకే సాయంత్రం తప్పుకున్నారు. సరదాకి పేరు రాయించుకున్న మూడోవాడు ఊరి పెద్ద అయిపోయి, పదవి ఉన్నన్నాళ్ళూ ఏడుస్తూ చేశాడు. ఆ కబురు వచ్చినప్పుడు ఈ గట్టు మీదే కూర్చుని అందరూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

ఫాలానికో చెడ్డవాడేమీ కాదు. ఇక్కడ చేపలు పట్టే విదేశీ ఓడలు చెల్లించే లైసెన్సు డబ్బు సభ దగ్గర ఎందుకు, ఇంటింటికీ పంచేస్తే ఎవరికి కావలసిన చోట వాళ్ళు వైద్యం చేయించుకుంటారంటాడు. వినడానికి బాగానే ఉంటుంది. అతని భార్యాపిల్లలు ఆక్లండ్‌లోనే ఉన్నారు. అక్కడ ఆస్పత్రి వీధి చివరే ఉంటుంది.

ఉండమంటావో పొమ్మంటావో ఒక్క మాట కబురు పెట్టమని ఫిలోమెనా బతిమాలింది. పెడితే అడిగినట్టేనని తెలేహియా అంది.

"మీ అక్కాతమ్ముళ్ళ మర్యాదలు మండిపోనూ. మొహామొహాలు చూసుకుని రెండు ముక్కలు మాట్లాడుకుంటే తేలిపోయేదానికి, మధ్యలో మేం డబ్బాలు పట్టుకుని తిరగాలి."

తెలేహియా టోపీ కోసం లోపలికి వెళ్ళింది. ఇప్పటికీ ఆమె ఆలోచన ఒక్కటే. ఎలాగైనా అతని కంటే ముందు బోర్డు దగ్గరికి చేరాలి. తను ముందు తుడిస్తే, పదవి ఫాలానికోకి వదిలెయ్యలేక అతనింక తుడవలేడు.

టోపీ తగిలించిన మేకు కింద మెలే ఓడ సంచి ఉంది. మూత తెరిచే ఉంది. పైన తను అల్లిచ్చిన చిన్న చాప, దాని కింద పాప బట్టలు. చాప ఒక పక్కకి జారి ఉంటే సర్దబోయి, తెలేహియా చెయ్యి అడుగుదాకా వెళ్ళింది. అడుగున మడతపెట్టిన తెల్లగుడ్డ ఒకటి తగిలింది. చిన్నది.

లీతా పాపని చుట్టడానికి ఓడలో ఏమీ దొరక్కపోతే, ఓడ పనివాడెవరో తన దిండు గలీబు ఇచ్చాడు. అప్పటినుంచి కాన్పుకి ఓడెక్కే ఆడపిల్లలు సంచి అడుగున ఒక తెల్లగుడ్డ పెట్టుకుంటున్నారని తెలేహియా చాపల దగ్గర విన్నది. మెలే కూడా పెట్టుకుందని తెలియదు. ఎవరు పెట్టుకోమన్నారు? ఇంతసేపూ బయట నవ్వుతూ కొబ్బరి కోరిన పిల్ల.

గుడ్డని ఉన్నచోటే ఉంచి, చాప సరిచేసి, టోపీ పెట్టుకుని బయటికి వచ్చింది.

"నేనొచ్చేదాకా పొయ్యి అంటించకు," అంది మెలేతో. తనూ రానా అని కెలెమెనే అడిగాడు.

"నువ్వు తెల్లారే వెళ్ళొచ్చావుగా, చాలు."

ఆఫీసు ఊరి మధ్యలో, రెండు దార్లూ కలిసే చోట ఉంది. కొబ్బరిచెట్ల మధ్య నుంచి అవతలి దారి కనిపిస్తూ ఉంటుంది. సగం దూరం వెళ్ళాక ఆమె అటు చూసింది. పెలెనాతో వస్తున్నాడు. కునుకు తియ్యలేదు. కుంటుతూ, ఒక చేత్తో తొడ పట్టుకుని, తన శక్తికి మించి వేగంగా నడుస్తున్నాడు. అతనూ ఆమెని చూశాడు. చూసి ఇంకా వేగం పెంచాడు.

తెలేహియా కూడా అడుగు సాగించింది. వాకిళ్ళలో కూర్చున్నవాళ్ళు పలకరించబోయి ఆగిపోయారు. ఊళ్ళో పెద్దరికం ఉన్న ఆడమనిషి అలా నడవడం వాళ్ళెప్పుడూ చూడలేదు. ఆమె ఆఫీసు ముందుకి వచ్చేసరికి పెలెనాతో అప్పటికే మెట్లెక్కి వరండాలో ఉన్నాడు. బకెట్లోంచి గుడ్డ తీశాడు. గుడ్డ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

తెలేహియా పైకి ఎక్కలేదు. కింది మెట్టు దగ్గర నేల మీదే నిలబడింది.

అక్క నేల మీద ఉండగా తమ్ముడు ఎత్తున నిలబడకూడదు. పెలెనాతో చెయ్యి బోర్డు దాకా వెళ్ళి ఆగింది. గుడ్డ పట్టుకునే ఒక్కో మెట్టూ దిగి వచ్చి, పక్కగా, తల వంచుకుని నిలబడ్డాడు. అప్పుడు తెలేహియా వెళ్ళి మెట్ల మధ్యలో కూర్చుంది. ఇంక ఆమెని దాటి ఎవరూ పైకి వెళ్ళలేరు. అతనైతే అసలే వెళ్ళలేడు.

వరండా బల్ల మీద కూర్చుని బిస్కెట్లు తింటున్న ఫాలానికో ఇదంతా చూశాడు. నేను ఇంటికి వెళ్ళాలంటే ఈ వరండా మీంచి దూకాలా అని అడిగాడు. ఎవరూ నవ్వలేదు. అతనూ పొట్లం మడిచి పక్కన పెట్టాడు.

ఊరి గుమాస్తా హెతెమా గుమ్మంలోకి వచ్చాడు. పెలెనాతో అతని వైపు తిరిగాడు.

"హెతెమా, మా అక్క ఎండలో కూర్చుంది. కాస్త పక్కకి, నీడకి జరగమను."

"ఆవిడ ఇక్కడే ఉందిగా..."

"చెప్పు."

హెతెమా గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, నీడకి జరగమంటున్నారు."

"ఎండ బాగానే ఉందని చెప్పు. మా తమ్ముడు చేతిలో ఆ గుడ్డ ఎందుకు పట్టుకున్నాడో అడుగు."

"అది మా ఆఫీసు గుడ్డేనమ్మా," అన్నాడు హెతెమా, ఏం చెప్పాలో తెలియక.

"పొద్దున పంపిన తల వండారేమో అడుగు," అన్నాడు పెలెనాతో.

"వండలేదని చెప్పు. ఒక్కదాన్ని తినే తల కాదని చెప్పు."

"తిన్నా తినకపోయినా, ఇచ్చినవాడు ఇచ్చినట్టేనని చెప్పు."

హెతెమా ఇటు తిరిగి నోరు తెరిచాడు. తెలేహియా చెయ్యెత్తి అతన్ని ఆపింది. గుమాస్తా మీద నుంచి చూపు తిప్పి, ఎన్నో ఏళ్ళ తర్వాత తమ్ముడి మొహంలోకి సూటిగా చూసింది. కళ్ళ కింద నల్లగా ఉంది. గడ్డం సగం నెరిసింది. అది ఎప్పుడు నెరిసిందో తను గమనించలేదు.

"పెలెనాతో," అంది.

ఆ పిలుపుకి అతను ఉలిక్కిపడ్డాడు. బల్ల మీంచి ఫాలానికో లేచి నిలబడ్డాడు.

"ఇంతవరకూ నేను నిన్నేమీ అడగలేదు."

"అడగలేదక్కా."

"ఇవాళ అడుగుతాను. పేరు సంగతి కాదు. నా పేరు నేను తుడవను, అది ఉంటుంది. నీది తుడుచుకుంటావో ఉంచుకుంటావో నీ ఇష్టం. నేనడిగేది వేరు. సోమవారం సభాశాలలో అందరూ కూర్చుంటారు. అక్కడ నువ్వు లీతా పాప గురించి చెప్పాలి. ఓడ మీద నువ్వు చూసిందంతా."

గుడ్డలోంచి కారే నీళ్ళు అతని పాదం మీద పడుతున్నాయి. ఆఫీసు లోపల ఫోను ఒకటి మోగి, ఆగిపోయింది.

"నా ఇంటి సంగతి," అన్నాడు. "నాకు కావాలని నేనెలా అడగనక్కా?"

"నువ్వు అడగొద్దు. పట్టిన చేప తెచ్చినట్టు, తెచ్చి గట్టు మీద పెట్టు. అడిగేది నేను. ఎవరికెంతో పంచేదీ నేనే."

పెలెనాతో ఒప్పుకున్నట్టు తల ఊపలేదు, కాదనీ అనలేదు. కాదనడానికి వీల్లేని మాట అడిగిందని ఆమెకి తెలుసు. పదవి వదిలెయ్యమంటే అతనికి ఇంత కష్టం ఉండేది కాదు. అది తెలిసే అడిగింది.

చర్చి పక్కన గంటగా వేలాడదీసిన ఖాళీ గ్యాసు సిలిండరు వైపు గంట కొట్టే ముసలాయన కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. తెలేహియా మెట్టు మీద నుంచి లేచి పక్కకి తప్పుకుంది. ఇంక బోర్డుకి దారి ఉంది. ఆమె వెనక్కి తిరిగి చూడకుండా మడుగు దారి పట్టింది. దారిలో తొలి గంట మోగింది.

ఇంటికి రాగానే చేపకత్తి అడిగింది. గట్టు మీద కూర్చుని, బేసిన్ ముందుకి లాక్కుని, తలని నిలువునా రెండుగా కొట్టింది. తర్వాత ముక్కలు. మెలే తెల్లబోయి చూస్తోంది. కెలెమెనే నోరెత్తకుండా పీచు తెచ్చి పొయ్యి అంటించాడు. తడిసిన పొయ్యి చాలాసేపు పొగచూరింది. ఆ పొగ కొబ్బరిచెట్ల మీదుగా ఊరంతటికీ కనిపించి ఉంటుంది.

ఏమైందని అతను ఒక్కసారే అడిగాడు. నా పేరు ఉంది, వాడి సంగతి తెలియదని తెలేహియా చెప్పింది. ఇద్దరూ ఉంటే ఓట్లు చీలి ఫాలానికో నెగ్గుతాడు కదా అన్నాడు. నెగ్గొచ్చు అంది. అతను ఇంకో మాట అనబోయి, కొబ్బరిపాలు తెచ్చి కుండలో పోశాడు.

చీకటి పడుతుండగా సాయంత్రం ప్రార్థనకి చాపలు పరుస్తుంటే, వాకిట్లో అడుగుల చప్పుడయింది. ముందు ఫిలోమెనా, ఈసారి డబ్బా లేకుండా. ఆమె వెనక లీతా. అందరికంటే వెనక, కుంటుతూ పెలెనాతో. శనివారం ప్రార్థన ఎవరింట్లో వాళ్ళు చేసుకుంటారు. ఎందుకొచ్చారని ఎవరూ అడగలేదు. అతను గుమ్మం పక్కన, అక్క చాపకి దూరంగా కూర్చున్నాడు. కుడి చేతి వేళ్ళకి సుద్దపొడి అంటుకుని ఉంది. తెలేహియా అది చూసింది. చూసి, పాట మొదలుపెట్టమని కెలెమెనేకి సైగ చేసింది.

ప్రార్థన అయ్యాక ఆమె చేప పంచింది. ఒక చెంప ముక్క మెలే పళ్ళెంలో వేసింది. రెండోది లీతా పళ్ళెంలో. కళ్ళు తమ్ముడికి. తల వెనక కండ కెలెమెనేకి, పొద్దున్నుంచీ ఎదురుచూసినందుకు. లీతా తన పళ్ళెం తీసుకుని, ఎక్కడ కూర్చోవాలా అని ఒక క్షణం నిలబడి, మెలే పక్కన చాప అంచు మీద కూర్చుంది.

పెలెనాతో తినడం మొదలుపెట్టలేదు. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, దాన్నే చూస్తూ, ఎవరితోనూ కాదన్నట్టు, అందరికీ వినిపించేలా చెప్పాడు.

"నా పేరు తుడిచేశాను. సోమవారం సభాశాలలో మాట్లాడతాను. ఓడ మీద నేను చూసింది చెబుతాను. వచ్చే ముందు లీతాని అడిగాను. పాప పేరు కూడా చెప్పమంది."